పాండాస్ ఇజ్‌ఇన్: వేగంలో మేటి, తప్పు దొర్లితే మాత్రం నోరు విప్పదు

లక్ష వరసల డేటాఫ్రేమ్ (పాండాస్ పట్టిక) లోంచి ఐదువేల ఐడీల వరసలు మాత్రమే తీయాలంటే పైథాన్‌లో ముందుగా వాడాల్సింది పాండాస్ అనే డేటా లైబ్రరీలోని ఇజ్‌ఇన్ (isin). ఫర్ లూప్ పెట్టి ఒక్కో ఐడీనీ లిస్టులో వెతికిస్తే పోలికలు 50 కోట్ల దాకా పోతాయి. ఇజ్‌ఇన్ లిస్టు మొత్తాన్ని ఒక్కసారే హ్యాష్ టేబుల్‌లోకి (వెతకగానే దొరికేలా పేర్చిన పట్టికలోకి) ఎక్కించుకుని, వరసవరసకీ ట్రూ, ఫాల్స్ చెప్పేస్తుంది. ముందు టిల్డా (~) పెడితే లిస్టులో లేనివి వస్తాయి. లిస్టులో ఒకే ఐడీ రెండుసార్లు పడినా వరస రెట్టింపు కాదు. రెండు పట్టికలను కలిపే మెర్జ్‌తో అయితే అవుతుంది. ఇంతవరకూ పూర్తి మార్కులు వేయొచ్చు.

చిక్కంతా టైపుల దగ్గరే. కాలమ్‌లో 457 అంకెగా ఉండి, లిస్టులో '457' స్ట్రింగ్‌గా (అక్షరాలుగా) ఉంటే ఒక్క వరసా రాదు, ఎర్రరూ రాదు. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఫైలు) చదివేటప్పుడు '00457' లోని ముందు సున్నాలు ఎగిరిపోతాయి. కాలమ్‌లో ఒక్క ఖాళీ ఉన్నా అంకెలన్నీ ఫ్లోట్ (దశాంశ సంఖ్యలు) అయిపోతాయి. ఆ తర్వాత స్ట్రింగ్‌గా మారిస్తే '457.0' అవుతుంది, '457'తో ఇక కలవదు. పొడవాటి ఐడీలకు ఇంకా ప్రమాదం: 9007199254740993 ఫ్లోట్‌లోకి వెళ్తే చివరి 3 కాస్తా 2 అయిపోతుంది. అంటే వేరేవాళ్ల ఐడీ! అందుకే ఫైలును చదివే రీడ్ సీఎస్‌వీ (read_csv) లోనే ఆ కాలమ్‌కు డీటైప్ (dtype, అంటే టైపు) స్ట్రింగ్ అని ఇచ్చేయాలి. తర్వాత దిద్దుదామంటే పోయిన అంకె తిరిగి రాదు. చివర్లో అంటుకున్న స్పేస్‌లను స్ట్రిప్‌తో తీసేయాలి, కాలమ్‌లోనూ లిస్టులోనూ.

లిస్టులో ఉండి డేటాలో లేని ఐడీల గురించి కూడా ఇది ఒక్క మాట చెప్పదు. ఐదువేలు అడిగితే 4,988 వచ్చినా అంతే సంగతులు. ఫిల్టర్ అయిన వెంటనే లిస్టును సెట్‌గా మార్చి, వచ్చిన ఐడీల సెట్‌ను అందులోంచి తీసేసి చూడాలి, మిగిలినవే దొరకనివి. ఇది అదనపు పని కాదు, ఫిల్టర్‌లో భాగమే.

ఫలితం డేటాఫ్రేమ్ క్రమంలోనే వస్తుంది, లిస్టు క్రమంలో కాదు. లిస్టు క్రమమే కావాలంటే ఐడీని ఇండెక్స్ (వరసల పేరు) చేసి, పేరుతో వరసలు తీసే లోక్ (loc) కు లిస్టు ఇవ్వడం మేలు. పాండాస్ 1.0 వెర్షన్ నుంచి, ఒక్క ఐడీ లేకపోయినా అది కీఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. జీతాలు, మార్కుల లాంటి డేటాకు అలా ఆగిపోవడమే కావాలి. లేనివి ఖాళీ వరసలుగా కనిపిస్తే చాలనుకుంటే రీఇండెక్స్ (reindex) ఉంది; కానీ ఇండెక్స్‌లో డూప్లికేట్లు ఉంటే అది పనిచేయదు.