కుళాయి వెనకాల కొండలు: కల్యాణి డ్యాంకు ఒక పూట

తిరుపతి బస్టాండు దగ్గరి సందులో మేము దిగిన లాడ్జిలో కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత బుడబుడమని చప్పుడు, ఆ పైన చెంబెడు నీళ్లు వచ్చేవి. అద్దె రోజుకు 1,800. కౌంటరులో అడిగితే ‘ట్యాంకు నిండుతోంది సార్’ అన్నారు. మధ్యాహ్నం దాకా అది నిండుతూనే ఉంది. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. అది కూడా చెప్పాలి కదా.

దర్శనం ముందురోజే అయిపోయింది. ‘అసలు ఈ ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయిరా?’ అన్నారు నాన్న, చెంబు చేతిలో పట్టుకుని. అలా కల్యాణి డ్యాం ప్రయాణం కుదిరింది.

పీలేరు వైపు వెళ్లే బస్సులు రంగంపేట మీదుగా పోతాయి. అయితే అక్కడ దిగి పెద్దవాళ్లతో డ్యాం దాకా నడవడం కష్టం. రానూ పోనూ, మధ్యలో ఆగేందుకూ కలిపి ఆటో 900కు మాట్లాడుకున్నాం. బేరం ఇంకొంచెం ఆడవచ్చేమో, నాకు ఆ విద్య రాదు. చంద్రగిరి, రంగంపేట దాటి కుడివైపు తిరగగానే శేషాచలం కొండలు దగ్గరికి వచ్చేస్తాయి.

స్వర్ణముఖిలో కలిసే కల్యాణి నది మీద 1977లో కట్టిన డ్యాం ఇది. తిరుపతికే కాదు, తిరుమల కొండ మీదికీ ఇక్కడి నీళ్లు వెళ్తాయి. కృష్ణా నీటిని తెచ్చే తెలుగుగంగ కాలువ నీళ్లు వేరే దారిన వస్తాయి. మేము వెళ్లింది నవంబరు చివర. ఈ వైపు ఈశాన్య రుతుపవనాల వానలు ముఖ్యం కాబట్టి చూడవలసిన కాలం అదే. కొండల నీడ నీటి అంచున పచ్చగా, మధ్యలో నల్లగా పడింది. గాలికి నీళ్లు ముడతలు పడడం తప్ప కదలిక లేదు. పడవలు లేవు, పాటలు లేవు. పిల్లవాడు పది నిమిషాలకే విసుక్కున్నాడు. నాన్న మాత్రం గంటసేపు గట్టు మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. కాపలాదారు చూపిన చోటే ఆగాం. నీళ్లలోకి దిగుదామన్న ఆలోచన మీకూ వద్దు. లోతు పైకి తెలియదు, పైగా అవి తాగే నీళ్లు.

తినడానికి మేమే పులిహోర, చెక్కలు తీసుకెళ్లాం. చెక్కల పొట్లం కోతి పాలైంది. మంచినీళ్లు వెంట ఉండాలి, స్త్రీలు మరుగుదొడ్డి అవసరం చంద్రగిరిలోనే తీర్చుకుని వెళ్లడం మేలు. డ్యాం ఒక్కదాని కోసం అంత దూరం అవసరం లేదంటాను. చంద్రగిరి కోటతో కలిపితే పూట చక్కగా గడుస్తుంది. రాజమహల్ కట్టడంలో కలప వాడలేదని విన్నాక మా ఆవిడ ప్రతి కప్పూ తల ఎత్తి చూసింది. లోపలి మ్యూజియానికి శుక్రవారం సెలవు.

భోజనం రోడ్డు పక్క చిన్న హోటలులో. రాగి సంకటి, నాటుకోడి పులుసు మాకు. నాన్నకు సంకటిలోకి ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. నలుగురికీ 620 అయింది. ఈ యాత్రలో పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం జరిగింది ఇక్కడే.

రాత్రి లాడ్జికి చేరగానే చొక్కా విప్పకుండానే నాన్న బకెట్టు నింపి పెట్టుకున్నారు.