మేకప్ సామాను ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్ళు వాడాలి? బాత్రూమ్, బీరువా, ఫ్రిజ్: మన ఎండలకు ఏది మేలు?

మే నెల మధ్యాహ్నం లిప్‌స్టిక్ మూత తీస్తే పైన సన్నటి నూనె చుక్కలు తేలి ఉంటాయి. పాడైపోయిందనుకుని చాలామంది పారేస్తారు. దాని పక్కనే ఎనిమిది నెలల కిందట తెరిచిన మస్కారా ఉంటుంది. వాసన మారలేదు కదా అని దాన్ని మాత్రం కంటికి పెట్టుకుంటారు. పారేయాల్సింది ఆ మస్కారానే.

లిప్‌స్టిక్ అంటే మైనం, నూనె, రంగు. అందులో నీళ్ళు దాదాపు ఉండవు, నీళ్ళు లేనిచోట క్రిములు పెరగలేవు. గది బాగా వేడెక్కి మళ్ళీ చల్లబడినప్పుడు మైనం పట్టి ఉంచిన నూనె కొంచెం బయటికి వస్తుంది, అంతే. మెత్తని టిష్యూతో అద్ది తీసేసి, చల్లటి చోట పెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. మస్కారాలో చాలా రకాలకు నీళ్ళే ఆధారం. బ్రష్ రెప్పలను తాకి, అక్కడి క్రిములతో మళ్ళీ అదే గొట్టంలోకి పోతుంది. గొట్టం లోపల చీకటి, తడి. కంపెనీ కలిపిన ప్రిజర్వేటివ్ కొన్ని నెలలు కాపలా కాస్తుంది, ఆ తర్వాత దాని బలం చాలదు.

మేకప్‌ని పాడుచేసేవి ఇలా రెండు: వేడి, క్రిములు. వేడి సంగతి మనం పెట్టే చోటును బట్టి ఉంటుంది. క్రిముల సంగతి డబ్బా ఆకారాన్ని, మన చేతిని బట్టి ఉంటుంది. ఫ్రిజ్ కొనేసి అన్నీ అందులో పెట్టినంత మాత్రాన రెండోది తీరదు.

ఏ తేదీని నమ్మాలి?

ప్యాకెట్ మీద రెండు రకాల గడువులు కనిపిస్తాయి. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఎక్స్‌పైరీ నెల, సంవత్సరం ముద్రించాలి. అది మూత తెరవని సరుకుకు లెక్క. రెండోది, మూత తీసిన చిన్న డబ్బా బొమ్మ, అందులో 6ఎం, 12ఎం, 24ఎం అని అంకె. తెరిచాక అన్ని నెలలు అని దానర్థం. యూరప్ నిబంధన ప్రకారం 30 నెలలకు మించి నిలిచే వస్తువు మీద ఈ బొమ్మ ఒక్కటి వేస్తే చాలు, ఎక్స్‌పైరీ తేదీ అక్కర్లేదు. అమెరికాలో కాస్మెటిక్స్ మీద ఎక్స్‌పైరీ ముద్రించాలనే చట్టమే లేదు. అందుకే అక్కడినుంచి అక్కో వదినో తెచ్చిన లిప్‌స్టిక్ మీద ఎంత వెతికినా తేదీ దొరకకపోవచ్చు. అలాంటిదాన్ని చేతికి వచ్చిన నెల నుంచే లెక్కపెట్టండి.

రెండు గడువుల్లో ఏది ముందు వస్తే అదే లెక్క. ఎక్స్‌పైరీ 2028 దాకా ఉన్నా, 6ఎం ఉన్న ఐలైనర్ తెరిచిన ఆరు నెలలకు ముగిసినట్టే. తెరిచిన రోజే అడుగున పర్మనెంట్ మార్కర్‌తో నెల, సంవత్సరం రాసి, పైన సెల్లోటేప్ ముక్క అంటించండి. టేప్ లేకపోతే క్రీమ్ చేతులు తగిలి రాత రెండు వారాల్లో చెరిగిపోతుంది.

పెట్టే చోటు

బాత్రూమ్ అద్దం వెనక అర అన్నిటికన్నా చెడ్డ చోటు. వేడినీళ్ళ స్నానం అయ్యాక పది నిమిషాల సేపు ఆ గదంతా ఆవిరే. కాంపాక్ట్ ఆ చెమ్మను పీలుస్తుంది, బ్రష్ వెంట్రుకలు ఆరవు, స్పాంజ్‌కు బూజు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలోనే చెమ్మ ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకా త్వరగా పాడవుతాయి.

డ్రెస్సింగ్ టేబుల్ సొరుగు మంచిదే, టేబుల్ పైభాగం కాదు. వెలుతురు కోసం చాలా ఇళ్ళలో దాన్ని కిటికీ పక్కనే వేస్తారు. ఎండ తగిలితే రంగులు వెలుస్తాయి, గాజుసీసాలోని ఫౌండేషన్ నూనె, నీళ్ళుగా విడిపోతుంది.

బీరువా మేలు, కానీ ఏ బీరువా అన్నది చూడాలి. పడమటి గోడకు ఆనించిన ఇనప బీరువా సాయంత్రానికి చెయ్యి పెడితే తెలిసేంత వేడెక్కుతుంది. అటక మీద, స్లాబు కింద ఉండే అరల్లో వేడి రాత్రి పొద్దుపోయే దాకా దిగదు. ఇంటి లోపలి గోడకు ఉన్న బీరువాలో, నడుం ఎత్తుకు కింద ఉన్న అరలో, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కలరా ఉండలు వేసిన అరలో మాత్రం వద్దు. మైనం, నూనె ఉన్నవి ఆ వాసనను పీల్చుకుంటాయి, లిప్‌స్టిక్ పెదవికి రాసుకున్నప్పుడల్లా ఆ వాసనే వస్తుంది.

వంటింటి ఫ్రిజ్ గురించి ఇంటర్నెట్ నిండా సలహాలే, కానీ అది అన్నిటికీ పనికిరాదు. ఫౌండేషన్, బీబీ క్రీమ్ లాంటివి నూనె, నీళ్ళు కలిపి పట్టి ఉంచినవి. మరీ చల్లగా పెట్టి బయటికి తీస్తూ ఉంటే ఆ పట్టు వదిలి పలుకులు కడతాయి. కాంపాక్ట్, ఐషాడో పెడితే బయటికి తీయగానే గాలిలోని చెమ్మ వాటి మీద నీరై దిగుతుంది, పొడి రాయిలా గట్టిపడుతుంది. కాటుక పెన్సిల్, లిప్‌స్టిక్, మైనంతో చేసిన లిప్ బామ్‌లకు ఎండాకాలం నెలన్నర పాటు ఫ్రిజ్ ఉపయోగమే. గాలి చొరని డబ్బాలో వేసి, తక్కువ చల్లగా ఉండే తలుపు అరలో పెట్టండి. వాడే ముందు డబ్బా మూత తీయకుండా 15-20 నిమిషాలు బయట ఉంచితే చెమ్మ డబ్బా పైన పడుతుంది, వస్తువు మీద పడదు.

మేకప్ కోసమే అమ్మే చిన్న ఫ్రిజ్‌లు చాలావరకు కంప్రెసర్ లేనివి. గది వేడి కన్నా 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించడం వాటి పని. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో గది 40 దగ్గర ఉంటే లోపల 20-25 వస్తుంది, మేకప్‌కు సరిపోయే చల్లదనం అదే. రోజంతా ఏసీ నడిచే ఇంట్లో ఆ ఫ్రిజ్ దండగ. కూలర్ గదిలో ఉండేవారు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి: కూలర్ వేడి తగ్గించి చెమ్మ పెంచుతుంది, కాబట్టి పొడి సామాను మూతలు బిగించి ఉంచాలి.

కారు, స్కూటర్ డిక్కీ అసలు వద్దు. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. ఆ వేడికి లిప్‌స్టిక్ మెత్తబడి కూలిపోతుంది. సెట్టింగ్ స్ప్రేల్లో గ్యాస్ నింపిన డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వవద్దనే హెచ్చరిక ఉంటుంది, పేలే ప్రమాదం ఉంది కాబట్టి. నెయిల్ పాలిష్ మంట అంటుకునే ద్రవం, దాన్ని కారుకే కాదు, గ్యాస్ పొయ్యికీ దూరంగా పెట్టాలి.

డబ్బా, ట్యూబ్, పంపు

ఫౌండేషన్ కొనేటప్పుడు షేడ్ చూసినంత శ్రద్ధగా మూత కూడా చూడాలి. వెడల్పు మూత డబ్బాలో వేలు పెట్టిన ప్రతిసారీ చెమట, నూనె, క్రిములు లోపలికి దిగుతాయి, గాలి కూడా. ట్యూబ్ నయం. పంపు ఇంకా నయం, తీసింది తిరిగి లోపలికి పోదు. గాలి చొరని పంపు దొరికితే అదే మొదటి ఎంపిక. డబ్బాయే కొన్నారా, చిన్న ప్లాస్టిక్ చెంచాతో అవసరమైనంత చేతి వెనక తీసుకోండి. మిగిలితే తుడిచేయండి, తిరిగి డబ్బాలో వేయవద్దు.

పరిమాణం దగ్గరే డబ్బు ఎక్కువగా పోతుంది. రోజూ రాసుకునేవారికి 30 మిల్లీలీటర్ల ఫౌండేషన్ గడువులోపే అయిపోతుంది. పెళ్ళిళ్ళకు, పండగలకు మాత్రమే వాడేవారికి అది ఏడాదైనా సగం కాదు. అలాంటివారికి పొడి సామానే లాభం: కాంపాక్ట్, పొడి బ్లష్, మామూలు లిప్‌స్టిక్. పొడివి, చెమ్మ తగలకపోతే, తెరిచాక రెండేళ్ళు నిలుస్తాయి. లిప్‌స్టిక్ ఏడాది నుంచి రెండేళ్ళు. ఫౌండేషన్ ఆరు నెలల నుంచి ఏడాది. లిప్‌గ్లాస్ కూడా అంతే, దాని కర్ర పెదవిని తాకి లోపలికి వెళ్తుంది కదా. డబ్బా మీద అంకె ఉంటే దాన్నే పాటించండి.

కాంపాక్ట్ వాడగా వాడగా పైన మెరిసే గట్టి పొర కడుతుంది, పఫ్‌కు పొడి అంటదు. అది పాడవడం కాదు. ముఖం మీది నూనె పఫ్ ద్వారా పొడిలోకి దిగి పేరుకుంది. సెల్లోటేప్ ముక్కను మెల్లగా అద్ది లాగితే ఆ పొర లేచి వస్తుంది, కింద కొత్త పొడి ఉంటుంది. పఫ్‌ను వారానికోసారి సబ్బుతో ఉతికి ఫ్యాన్ కింద పూర్తిగా ఆరబెట్టాలి. తడి స్పాంజ్‌ను కాంపాక్ట్‌లో పెట్టి మూత వేస్తే మాత్రం ఆ కాంపాక్ట్ నిజంగానే పాడవుతుంది.

కంటికి ఏ కాటుక?

ఇక్కడ పొదుపు చూడకండి. చెంప మీద క్రిములు చేరితే మొటిమ వస్తుంది. కంట్లో చేరితే కురుపు, కళ్ళకలక, కనుగుడ్డు మీద పుండు దాకా పోవచ్చు.

చెక్క పెన్సిల్ కాటుక అన్నిటికన్నా మేలు, కారణం చాలా సూటి. ప్రతిసారీ చెక్కితే పాత ముఖం పోయి కొత్తది వస్తుంది. ఎండాకాలం మెత్తబడి విరుగుతుంటే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి చెక్కండి. చెక్కే ముందు షార్ప్‌నర్ బ్లేడును 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. 99 శాతంది ఎక్కువ పనిచేస్తుందనుకోవద్దు. అది చటుక్కున ఆరిపోతుంది, క్రిమిని చంపడానికి కొంత నీరు కూడా కావాలి. పెన్సిల్ ములుకుకు కూడా ఆల్కహాల్ రాస్తే పూర్తిగా ఆరాకే కంటి దగ్గరికి తీసుకెళ్ళండి.

తిప్పితే పైకి వచ్చే పెన్సిల్‌ను చెక్కలేం. టిష్యూతో కొస తుడిచి వాడటమే. కాబట్టి దాని గడువును కచ్చితంగా పాటించాలి. వేలితో తీసే డబ్బా కాటుక అంతకన్నా వెనక. లిక్విడ్ ఐలైనర్, మస్కారాలకు మూడు నుంచి ఆరు నెలలే. మస్కారా మూడు నెలలకే మార్చడం మంచిది. బ్రష్‌ను గొట్టంలో పైకీ కిందకీ ఆడిస్తే గాలి చేరి త్వరగా ఎండుతుంది, ఒకసారి తిప్పి బయటికి లాగితే చాలు. ఎండిందని నీళ్ళు, పన్నీరు, ఉమ్మి కలపడం ఎంత మాత్రం కూడదు. కలిపిన ఆ చుక్కకు ప్రిజర్వేటివ్ రక్షణ సరిపోదు.

ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి మసి పట్టి, నెయ్యో ఆముదమో కలిపి చేసే ఇంటి కాటుక సంగతి. అందులో నీళ్ళు లేవు, అది మంచిదే. ప్రిజర్వేటివ్ కూడా లేదు, వేలు పెట్టి తీయడం అలవాటు. నెయ్యి కలిపిందైతే కొన్నాళ్ళకు కనరు వాసన వస్తుంది. చేసుకునేవారు నెలకు సరిపడా మాత్రమే చేసుకుని, తడి లేని దూదిపుల్లతో తీయాలి. పసిపిల్లల కళ్ళలో ఏ కాటుకా పెట్టవద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. బయట దొరికే సుర్మాల్లో కొన్ని సీసం ఉన్న రాయితో చేసినవి. అమెరికాలో మందులు, కాస్మెటిక్స్ మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి కాటుక, సుర్మాలను అనుమతించదు, కాబట్టి అక్కడి మనవాళ్ళకు ఊరినుంచి పంపేముందు ఆలోచించాలి.

కళ్ళకలక వస్తే ఆ రోజుల్లో, దానికి ముందు వాడిన మస్కారా, ఐలైనర్, కాటుక అన్నీ పారేయాలి. 2023 వానాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో కళ్ళకలక ఇంటింటికీ పాకింది. ఒకే కాటుక అక్కాచెల్లెళ్ళందరూ వాడే ఇంట్లో అది ఒక్కరితో ఆగదు. లిప్‌స్టిక్ ఇచ్చిపుచ్చుకుంటే పెదవి మీది నీటిపొక్కులూ అలాగే పాకుతాయి.

చూసి, వాసన పట్టి తెలుసుకునేవి

లిప్‌స్టిక్‌కు పాత నూనె వాసన, క్రీమ్‌కు పుల్లటి వాసన వస్తే గడువు మిగిలి ఉన్నా తీసేయండి. ఫౌండేషన్ రెండు పొరలుగా కనిపిస్తే బాగా కుదపండి. కలిసిపోయి, వాసన మామూలుగా ఉంటే వాడొచ్చు. పలుకులు కనిపిస్తే వద్దు. నెయిల్ పాలిష్ చిక్కబడితే దానికోసమే అమ్మే థిన్నర్ రెండు మూడు చుక్కలు వేయొచ్చు. రిమూవర్ వేస్తే పాలిష్ పొర బలహీనపడి త్వరగా పెచ్చులూడుతుంది. లిక్విడ్ తిలకం సీసా మూత దగ్గర బూజు చుక్క కనిపించినా మొత్తం పారేయాల్సిందే, పైది తుడిచి వాడేది కాదు. కంటికి వాడేవాటికి మాత్రం వాసనను నమ్మకండి. క్రిములు కంటికి హాని చేసేంత పెరిగినా వాసన రాకపోవచ్చు.

పెళ్ళికూతురికి పార్లర్‌వాళ్ళు మేకప్ వేస్తుంటే రెండు విషయాలు అడగడానికి మొహమాటపడకండి. ఫౌండేషన్, లిప్‌స్టిక్ ముందు పలక మీదికి తీసి అక్కడినుంచి వేయాలి. మస్కారాకు ఒకసారి వాడి పారేసే బ్రష్ తీయాలి, దాన్ని కూడా గొట్టంలో రెండోసారి ముంచకూడదు. కాటుక పెన్సిల్ మాత్రం పెళ్ళికూతురిదే కొత్తది కొని తీసుకెళ్ళండి.