కౌలాలంపూర్‌కు విమానంలో, సింగపూర్‌కు బస్సులో

సింగపూర్ చాంగీ విమానాశ్రయానికీ కౌలాలంపూర్ విమానాశ్రయానికీ ఆకాశమార్గాన దూరం దాదాపు 300 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు రోడ్డు మీద వెళ్లే దూరానికి కాస్త అటూఇటూ. టికెట్టు మీద గంటకు పైగా వేసినా, గాలిలో ఉండేది ముప్పావు గంటే. మంచినీళ్లు ఇచ్చి, ఖాళీ గ్లాసులు ఏరుకునేలోపే దిగబోతున్నామన్న ప్రకటన వినిపించింది.

అయితే ఆ ముప్పావు గంటకు ముందూ వెనుకా పట్టిన సమయాన్ని మేము సరిగా లెక్క వేసుకోలేదు. సింగపూర్ లిటిల్ ఇండియాలోని బస నుంచి ఉదయం ఏడింటికి బయలుదేరి, మెట్రోలో చాంగీ చేరి, తనిఖీలు ముగించుకుని పది గంటల విమానం ఎక్కాము. కౌలాలంపూర్ విమానాశ్రయం ఊరికి యాభై కిలోమీటర్ల దూరాన ఉన్నా, అక్కడి ఎక్స్‌ప్రెస్ రైలు 28 నిమిషాల్లోనే ఊళ్లోని ప్రధాన రైల్వే స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కు చేర్చడం ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన సేవ. ఛార్జీ మాత్రం ఎక్కువే, నలుగురున్న కుటుంబానికి టాక్సీయే నయం. స్టేషన్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో గది తాళం చేతికొచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఆ గది ఇరుకు, కిటికీ లేదు. అయినా అరిటాకు భోజనం నాలుగడుగుల దూరంలో దొరికే చోటును వదులుకోబుద్ధి కాలేదు.

తిరుగు ప్రయాణం బస్సులో చేశాము. ఊరికి దక్షిణాన ఉన్న టీబీఎస్ బస్ టెర్మినల్ విమానాశ్రయంలా శుభ్రంగా ఉంది, ఏ గేటుకు వెళ్లాలో తెరల మీద స్పష్టంగా కనిపిస్తుంది. వరుసకు మూడే సీట్లున్న బస్సులో కాళ్లు చాపుకుని, ఇరువైపులా గంటల తరబడి సాగే పామాయిల్ తోటలను చూస్తూ కూర్చోవచ్చు. అసలు పరీక్ష సరిహద్దు దగ్గర ఎదురవుతుంది: జొహోర్ బారులో దిగి మలేషియా ముద్ర వేయించుకుని, మళ్లీ ఎక్కి, రెండు దేశాలను కలిపే, నీటి మీద కట్టిన 1924 నాటి కాజ్‌వే రోడ్డు దాటాక సామానంతా మోసుకుని సింగపూర్ తనిఖీకి మరోసారి దిగాలి. తొమ్మిదింటికి బయలుదేరిన మేము మూడున్నరకు సింగపూర్‌లోని బీచ్ రోడ్డు చేరాము. అంటే విమానంతో పోలిస్తే మాకు ఎక్కువ పట్టింది అరగంటే, టికెట్టు ఖర్చు మాత్రం సగానికి తగ్గింది.

ఈ రెండు నగరాలను గంటన్నరలో కలపాల్సిన హైస్పీడ్ రైలుకు 2016లో ఒప్పందం కుదిరినా, 2021 జనవరి 1న అది రద్దయింది. అందుకే ఎంపిక ఇప్పటికీ విమానం, బస్సుల మధ్యే ఎక్కువగా సాగుతోంది.

పెద్దవాళ్లు వెంట ఉంటే విమానమే మేలంటాను. సామాను తక్కువగా ఉండి, శుక్రవారం సాయంత్రమో సెలవు రోజో కాకపోతే బస్సుకే నా ఓటు. కౌలాలంపూర్ చూసి మళ్లీ సింగపూర్ రావాలనుకునేవారు తమ సింగపూర్ వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లుతుందో లేదో బయలుదేరే ముందే చూసుకోవాలి, వెళ్లేటప్పుడు మలేషియా డిజిటల్ అరైవల్ కార్డును, తిరిగి వచ్చేటప్పుడు సింగపూర్ అరైవల్ కార్డును కూడా ముందుగానే నింపుకోవాలి. మా బస్సులో ఒకాయన సింగపూర్ కార్డు నింపడం మరిచిపోయి వచ్చి, కౌంటర్ పక్కన నిలబడి ఫోన్‌లో నింపుకుంటుంటే మిగతా అందరమూ ఎదురుచూశాము.