వీలునామా ఎవరితో రాయిస్తే మేలు: డాక్యుమెంట్ రైటరా, ఆన్‌లైన్ సర్వీసా, సివిల్ లాయరా?

రిటైరై, పిల్లల పెళ్లిళ్లు కూడా అయిపోయాక చాలా ఇళ్లలో వినబడే మాట: "ఆస్తి సంగతి ఏదో ఒకటి రాసి పెట్టెయ్యండి." రాయాలని పెద్దవాళ్లకూ ఉంటుంది. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేలక ఏళ్లు గడిచిపోతాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చునే డాక్యుమెంట్ రైటర్ ఉన్నాడు. ఫోన్లో వివరాలు నింపితే వీలునామా తయారుచేసి పంపే ఆన్‌లైన్ సర్వీసులు వచ్చాయి. కోర్టులో ప్రాక్టీసు చేసే సివిల్ లాయరు ఉన్నారు. నా ఓటు చాలామటుకు లాయరుకే. అయితే ఆ ఖర్చు అందరికీ అక్కర్లేదు.

సొంత సంపాదనతో కట్టుకున్న ఒక ఇల్లు, బ్యాంకులో కొంత డిపాజిట్. తన తర్వాత అంతా భార్యకు, ఆమె ముందే పోతే పిల్లలకు సమానంగా. పిల్లల మధ్య పొరపొచ్చాలు లేవు. ఇలాంటి ఇంటికి డాక్యుమెంట్ రైటర్ చాలు. ఆ మాటకొస్తే తెల్ల కాగితం మీద సొంత చేత్తో రాసుకున్నా చెల్లుతుంది. వీలునామాకు స్టాంపు పేపరు అవసరం లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. కావలసింది రాసినవారి సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు. ఇది 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్. పైగా సర్వే నంబరు, డోర్ నంబరు, నాలుగు వైపుల సరిహద్దులు, లింక్ డాక్యుమెంట్ల నంబర్లు తప్పు పోకుండా ఎక్కించడంలో అనుభవమున్న డాక్యుమెంట్ రైటర్ చాలామంది లాయర్ల కంటే నయం.

ఆన్‌లైన్ సర్వీసు మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. కాగితం శుభ్రంగానే వస్తుంది, కాకపోతే ఎక్కువగా ఇంగ్లీషులో. తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దాయన ఇంగ్లీషు వీలునామా మీద సంతకం పెడితే, అందులో ఏముందో ఆయనకు తెలుసా అన్న ప్రశ్న తర్వాత తప్పకుండా వస్తుంది. పైగా మీ పొలం మీ స్వార్జితమా, తాతల నాటి ఉమ్మడి ఆస్తా అని ఆ ఫారం గట్టిగా అడగదు. ఉమ్మడి ఆస్తిలో హిందువు తన వాటా మేరకే వీలునామా రాయగలడు. ఆడపిల్లలకూ అందులో పుట్టుకతో వచ్చే వాటా ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చిన ఆ హక్కును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986 చట్టంతోనే తెచ్చింది. ముస్లింల సంగతి వేరు. వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వడానికి లేదు.

డాక్యుమెంట్ రైటర్‌కూ లాయరుకూ అసలు తేడా వీలునామా రాసిన రోజున కనబడదు. రాసినవారు పోయాక, ఎవరో ఒకరు "ఇది నాన్న రాసింది కాదు" అన్న రోజున బయటపడుతుంది. అప్పుడు సాక్షుల్లో కనీసం ఒకరు బతికి ఉండి, సాక్ష్యం చెప్పగల స్థితిలో ఉంటే, కోర్టుకు వచ్చి చెప్పాలి. పాత సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఇదే నియమం. ఆయన సంతకం పెడుతుంటే నేను చూశాను, ఆయన చూస్తుండగా నేను సంతకం పెట్టాను అని ఆ సాక్షి నోటితో రావాలి. రిజిస్టరైన వీలునామాకు కూడా ఇది తప్పదు. రిజిస్ట్రేషన్ అయింది కదా, ఇంక టెన్షన్ లేదు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మరి ఆ ఇద్దరు సాక్షులు ఎవరు? రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర అప్పటికప్పుడు దొరికినవాళ్లే చాలా వీలునామాల్లో ఉంటారు. పదిహేనేళ్ల తర్వాత వాళ్లను ఎక్కడని వెతుకుతారు? కోర్టులో సివిల్ కేసులు నడిపిన లాయరు ముందుగా అడిగేది ఇదే: మీకంటే చిన్నవాళ్లు, ఈ ఊళ్లోనే ఉండేవాళ్లు, ఈ ఆస్తిలో చిల్లిగవ్వ రానివాళ్లు ఇద్దరు ఉన్నారా? వీలునామా రాయడం తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. అది క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎక్కడ విరుగుతుందో చూసినవాళ్లు తక్కువ. లాయరుకు డబ్బిచ్చేది ఈ రెండో తెలివికే.

వీలునామాల్లో తరచూ కనబడే ఒక వాక్యం చూడండి: "సదరు ఇంటిని నా భార్య తన జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారులు దానవిక్రయాది సర్వహక్కులతో పొందవలెను." చదవడానికి నిండుగా ఉంది. రాయించిన ఆయన ఉద్దేశం, ఆమె ఇల్లు అమ్మకూడదని. అయితే అది ఆమె జీవనభృతి (భరణం) హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే, హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద ఆమెకు పూర్తి హక్కు వచ్చేసిందన్న వాదన బలంగా నిలబడుతుంది. 1977లో సుప్రీంకోర్టు తేల్చిన తులసమ్మ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిందే. రాజీలో భరణం కింద జీవితాంతం అనుభవానికే ఇచ్చిన ఆస్తికి ఆమె సంపూర్ణ యజమాని అయింది. ఆ తర్వాత ఏ సందర్భానికి ఏ నియమం అన్నదాని మీద ఎన్నో కేసులు నడిచాయి. భార్యకు పూర్తిగా ఇస్తున్నారా, అనుభవానికే ఇస్తున్నారా, ఎందుకిలా ఇస్తున్నారు అని కూర్చోబెట్టి అడిగి రాయాల్సిన వాక్యమిది. పాత నమూనా చూసి దించితే కొడుకులకూ తల్లికీ మధ్య వ్యాజ్యం అక్కడే మొదలవుతుంది.

ఇంకో ప్రమాదం, వీలునామాకని వెళ్లి గిఫ్ట్ డీడ్, అంటే బతికుండగానే ఆస్తి ఇచ్చేసే దానపత్రం, రాసి రావడం. "ఎలాగూ వాడికే కదా, ఇప్పుడే రాసేస్తే పోతుంది" అని పక్కనున్నవాళ్లు అంటారు. వీలునామాను బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. రిజిస్టరైన గిఫ్ట్‌ను మనసు మారిందని వెనక్కి తీసుకోలేరు. 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకుంటానన్న షరతు తప్పితే ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో మరో తీర్పులో వృద్ధుల పక్షాన కాస్త ఉదారంగా చూసింది. ఈ రెండు తీర్పుల మధ్య మీ బతుకును వేలాడదీసుకోవడం ఎందుకు? ఉన్న ఇంటిని గిఫ్ట్ ఇవ్వొద్దు. తప్పదనుకుంటే పోషణ షరతూ, జీవితాంతం నివాస హక్కూ అందులోనే స్పష్టంగా రాయించండి. అది మాత్రం లాయరుతోనే.

ట్రస్టు గురించి పెద్దగా చెప్పను, ఎక్కువమందికి అవసరం పడదు. మానసిక ఎదుగుదల లేని బిడ్డ ఉన్నవాళ్లకు మాత్రం వీలునామా ఒక్కటీ చాలదు. తమ తర్వాత ఆ డబ్బును నెలనెలా బిడ్డ కోసం ఖర్చు పెట్టే మనుషులను నియమిస్తూ ట్రస్టు పెట్టాలి. దానికి ఇలాంటివి ఇదివరకు చేసిన లాయరే కావాలి, జిల్లా కేంద్రం దాటి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చినా సరే.

లాయరును వెతకడానికి ప్రకటనలు పనికిరావు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం వాళ్లు ప్రచారం చేసుకోకూడదు. రిటైరైన కోర్టు ఉద్యోగులను, మీ పెన్షనర్ల సంఘంలో ఇప్పటికే రాయించుకున్నవాళ్లను అడగండి. ఆస్తులు ఉన్న జిల్లా కోర్టులో సివిల్ దావాలు చూసే ఆయన అయితే మంచిది. క్రిమినల్ కేసుల్లో ఎంత పేరున్నా ఈ పనికి ఆ పేరు అక్కరకు రాదు. ఆస్తి విలువలో ఇంత శాతం అని ఫీజు అడిగితే లేచి వచ్చేయండి. పని చూసి ముందే ఒక మొత్తం చెప్పేవారు దొరుకుతారు.

మా బాబాయి పక్కన కొడుకును పెట్టుకుని ఒక లాయరు దగ్గరికి వెళ్లాడు. ఆయన కాగితాలు అందుకోకముందే, "బాబూ, నువ్వు కాసేపు బయట కూర్చో, నాన్నగారితో మాట్లాడాలి" అన్నారు. తమ్ముడికి మొహం మాడిపోయింది. కానీ ఆస్తి పొందేవాడే దగ్గరుండి రాయించాడంటే కోర్టు ఆ వీలునామాను అనుమానంగా చూస్తుంది, ఆ అనుమానం తీర్చాల్సిన భారం అతని మీదే పడుతుంది. 1959లోనే సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. ఆ లాయరు కాపాడింది తమ్ముడినే.

వెళ్లేటప్పుడు ఒరిజినల్ దస్తావేజుల జిరాక్సులు, పాస్‌బుక్కులు, తాజా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), డిపాజిట్లలో నామినీలు ఎవరో రాసిన జాబితా పట్టుకెళ్లండి. బ్యాంకు నామినీ డబ్బు అందుకుంటాడే తప్ప దానికి యజమాని కాడు. నామినీ ఒకరు, వీలునామాలో ఇంకొకరు ఉంటే లాయరు అక్కడే సరిచేయిస్తారు. ఫ్యామిలీ పెన్షన్ గురించి వీలునామాలో రాసి లాభం లేదు, అది రూల్స్ ప్రకారం పోతుంది. అమెరికాలో ఉన్న అబ్బాయికి మీరిచ్చిన, లేదా ఆయన మీకిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినవారు పోగానే చెల్లదు కాబట్టి, అది వీలునామాకు బదులు అనుకోకండి. సంతకాలయ్యాక అసలు కాగితం ఎక్కడ దాస్తున్నారో ఆస్తి రాని ఒక మనిషికైనా చెప్పండి. ఇంట్లో భయమైతే, సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే వీలు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.