ఆర్మ్ లిఫ్ట్ చేయించుకున్న నాలుగేళ్లకు

దండచేతుల కింద వేలాడే చర్మం తీయించుకుని నాలుగేళ్లు కావస్తోంది. నేనుండేది గుంటూరులో, ఆపరేషన్ జరిగింది విజయవాడ సూర్యారావుపేటలో. తెలిసినవాళ్లు అడిగే మొదటి మాట, "చేతులు సన్నబడ్డాయా?" సన్నబడ్డాయి, అందులో అనుమానం లేదు. దానికి బదులుగా చంక నుంచి మోచేతి దాకా ఒక మచ్చ వస్తుంది, అది జీవితాంతం ఉంటుంది. ఆ మచ్చకు మనసొప్పితేనే మిగతావి మాట్లాడుకోవాలి, అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

నన్ను చూసిన సర్జన్ మొదటి రోజే మార్కర్ పెన్నుతో రెండు చేతుల లోపలి వైపూ పొడుగ్గా గీత గీశారు. "ఇది చెరపకుండా ఇంటికెళ్లండమ్మా. పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని, తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకోండి. ఇది ఇలాగే ఉండిపోయినా ఫరవాలేదనిపిస్తే మళ్లీ రండి" అన్నారు. చెవి కుట్టించుకున్న చోట, చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ దగ్గర చర్మం ఉబ్బి ఉందేమో కూడా చూశారు. కీలాయిడ్, అంటే గాయం మానాక మచ్చ ఉబ్బి పెరగడం, వచ్చే ఒళ్లయితే ఈ మచ్చ కూడా గట్టిపడి పైకి లేచే ప్రమాదం ఎక్కువ. అంతకుముందు వెళ్లిన ఒక క్లినిక్‌లో మాత్రం, "మచ్చే ఉండదు మేడం, ఈరోజు అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ ఇస్తాం" అన్నారు. జానెడు చర్మం కోసి తీసేటప్పుడు మచ్చ లేకుండా ఎలా ఉంటుంది? అక్కడి నుంచి లేచి వచ్చేశాను.

నాకు ఈ అవసరం బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ తర్వాత వచ్చింది. బరువు బాగా తగ్గింది, చర్మం మాత్రం తగ్గలేదు. మే నెలలో మా గుంటూరు ఎండకి ఆ మడతల్లో చెమట చేరి, ఒరుసుకుని, ఎర్రగా పొక్కి, ఫంగస్ పట్టేది. పౌడర్లు, ఆయింట్‌మెంట్లు రాస్తే తగ్గడం, మళ్లీ రావడం. జాకెట్టు భుజాల దగ్గర సరిపోతే చేతుల దగ్గర పట్టేది, చేతులకి సరిపోతే భుజాలు జారేవి. డంబెల్స్ ఎత్తమని చాలామంది సలహా ఇచ్చారు, ఎత్తాను కూడా. లోపల కండ గట్టిపడింది, పైన సాగిన చర్మం సాగినట్టే ఉంది. ఒకసారి అంతగా సాగితే వ్యాయామంతో వెనక్కి రాదు. చర్మం బిగువుగా ఉండి కొవ్వు మాత్రమే ఎక్కువున్నవాళ్లకి లైపోసక్షన్, అంటే సన్నని గొట్టంతో కొవ్వు లాగేయడం, ఒక్కటే సరిపోవచ్చు. నాలాంటి వాళ్లకి లైపో చేస్తే సంచి ఖాళీ అయి ఇంకా వేలాడుతుంది.

బరువు కనీసం ఆరు నెలలు ఒకేచోట నిలబడ్డాకే డేట్ ఇచ్చారు. ఇంకా తగ్గుతూ ఉండగా చేస్తే చర్మం మళ్లీ వదులవుతుంది. బేరియాట్రిక్ అయినవాళ్లకి ఐరన్, బి12, ప్రోటీన్ తక్కువగా ఉండడం మామూలే, అవి సరిగా లేకపోతే కుట్లు మానవు. నాకు ముందు అవన్నీ సరిచేశారు. రక్తం పలచబడే మందులు, విటమిన్ ఇ, చేప నూనె మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. సిగరెట్, పొగాకు అలవాటుంటే వారాల ముందే మానెయ్యాలి. ముహూర్తం సంగతి మీ ఇష్టం గానీ నెల మాత్రం చూసుకోండి. నేను సంక్రాంతి వెళ్లాక చేయించుకున్నాను. ఒంటికి బిగుతుగా పట్టే కంప్రెషన్ జాకెట్ ఆరు వారాలు రాత్రింబవళ్లు వేసుకోవాలి, ఏప్రిల్, మే నెలల్లో అది నరకమే. రెండు కొనుక్కుంటే ఒకటి ఉతికి ఆరేసుకోవచ్చు.

ఆపరేషన్ పూర్తి మత్తులో జరిగింది. నొప్పి మాత్రలతో తగ్గేదే, బిగుతే భరించలేనట్టు ఉండేది. మొదట్లో రెండు చేతుల నుంచీ సన్నని గొట్టాలు, చివర నీరు చేరే బుడ్డీలు. చేతులు దిండ్ల మీద ఎత్తిపెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. జడ వేసుకోలేం, జాకెట్టు తొడుక్కోలేం, కుక్కరు దించలేం. ముందు జిప్పు ఉన్న నైటీలు నాలుగు కొనిపెట్టుకోండి. మా అక్క వచ్చి ఉంది కాబట్టి సరిపోయింది. ఇంట్లో తోడు ఎవరూ లేకపోతే ఈ పని పెట్టుకోవద్దనే చెబుతాను. స్కూటీ, నీళ్ల క్యాన్లు, చంటిపిల్లల్ని ఎత్తుకోవడం, అన్నీ డాక్టరు సరేనన్నాకే. అలాగని మంచం పట్టకూడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మర్నాటి నుంచే నడిపించారు.

నాకు ఎడమ చంకలో, కుట్లు మలుపు తిరిగేచోట, రూపాయి బిళ్లంత మేర తెరుచుకుంది. చూసి భయపడి ఏడ్చాను. అక్కడ చెమట, లాగుడు రెండూ ఎక్కువ కాబట్టి అలా అవుతుంటుందట. డ్రెస్సింగులతోనే మానింది. కొందరికి లోపల నీరు చేరితే సూదితో తీస్తారు. జ్వరం, చీము, ఒక్క చేయే బాగా వాయడం, ఆయాసం, కాలి పిక్కలో నొప్పి, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాంలే అనుకోకుండా వెంటనే వెళ్లాలి.

మొదటి ఆరు నెలలు మచ్చ ఎర్రగా, ఉబ్బెత్తుగా ఉండి నన్ను నిజంగా కుంగదీసింది. సిలికాన్ జెల్ రాస్తూ మర్దన చేశాను. ఏడాది దాటాక మెత్తబడింది, ఇప్పుడు ఒంటి రంగు కన్నా కాస్త ముదురుగా చదునైన గీత. చేయి కిందికి ఉంటే ఎవరికీ కనపడదు, కొక్కేనికి చీర తగిలించేటప్పుడు కనపడుతుంది. అందుకే ఎవరి ఫొటోలు చూపించినా ఏడాది దాటిన మచ్చలవి అడగండి, నెల నాటివి చూసి ఏమీ తేల్చుకోలేం. ఇంకో సంగతి నాతోనే ఉండిపోయింది. కుడి ముంజేతి లోపలి వైపు కొంతమేర ఇప్పటికీ మొద్దుబారే ఉంది. చర్మానికి స్పర్శనిచ్చే సన్నని నరం ఆ దారిలోనే పోతుంది, అది దెబ్బతింటే ఇలా అవుతుంది. వేడి గిన్నె అంచు అక్కడ తగిలితే తెలియదు, పొయ్యి దగ్గర కాస్త చూసుకుని మసలుతున్నాను.

ఇక డబ్బు. అందం కోసం చేసే ఆపరేషన్ కింద లెక్క కట్టి ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వలేదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ లాంటి వాటి తర్వాత చేసే సర్జరీకి రూల్ వేరు. పైగా కాస్మెటిక్ సర్జరీకి 18 శాతం జీఎస్టీ ఉంది. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, థియేటరు, గది, కంప్రెషన్ జాకెట్లు, తర్వాతి డ్రెస్సింగులు అన్నీ కలిపి, పన్నుతో సహా, కాగితం మీద రాయించుకోండి. సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ, అంటే ఆ స్పెషలిస్టు డిగ్రీ, ఉందా, మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందా అని చూసుకోండి. బోర్డు మీద కాస్మెటిక్ అని రాసుకున్నంత మాత్రాన ప్లాస్టిక్ సర్జన్ అయిపోరు.

నాలుగు వేసవులు గడిచాయి, చంకల కింద ఒక్కసారి కూడా పొక్కలేదు. నా వరకు ఆ మచ్చకి తగిన ఫలితం అదే. మధ్యలో కాస్త బరువు పెరిగినప్పుడు చేతులూ లావయ్యాయి, కాబట్టి తిండి, నడక ఇప్పటికీ తప్పవు. రొమ్ము క్యాన్సర్‌కి చంకలో లింఫు గ్రంథులు తీయించుకున్న అక్కచెల్లెళ్లు మాత్రం ముందు మీ క్యాన్సర్ డాక్టరును అడగండి. మీకు చేయి వాచిపోయే ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎక్కువ, ఆయన సరేనంటేనే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లండి.