కింద భోజనాలు, పైన ముహూర్తం, మధ్యలో 40 మీటర్ల వైరు

టీవీ బొమ్మని దూరానికి పంపే ఈ హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్‌కి ఐదుకి నాలుగు స్టార్లు ఇచ్చాను. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో చెప్పాలంటే ముందు మా హాలు సంగతి చెప్పాలి.

భీమవరం దగ్గర ఒక ఫంక్షన్ హాలుకి మేనేజరుని. ఓనర్లు హైదరాబాదులో ఉంటారు. తాళాలు, కరెంటు, నీళ్లు, జనరేటరు అన్నీ నా నెత్తినే. పెళ్లి మండపం పై అంతస్తులో, భోజనాల హాలు కింద. మా తంటా అంతా ఇక్కడే. ముహూర్తం రాత్రి పదకొండింటికి అంటే తొమ్మిదింటికల్లా సగం జనం కింద బంతిలో ఉంటారు. పెళ్లికొచ్చి భోంచేయకుండా వెళ్తే పిలిచినవాళ్లు బాధపడతారు, జీలకర్ర బెల్లం చూడకుండా వెళ్తే ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోరు. మోకాళ్ల నొప్పులతో ఒకసారి కిందికి దిగిన పెద్దవాళ్లు మళ్లీ మెట్లెక్కే మాటే లేదు. అందుకని భోజనాల హాల్లో 55 అంగుళాల టీవీ పెట్టించాం. పైన వీడియో వాళ్ల మిక్సర్ (కెమెరాల బొమ్మల్ని కలిపే పెట్టె) నుంచి బొమ్మ కింద టీవీకి రావాలి. వైరు దారి కొలిస్తే దగ్గర దగ్గర 40 మీటర్లు.

మొదట 30 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబులే కొన్నాను, ఎలాగోలా అడ్డదారిన లాగేద్దామని. గోడలో ఉన్నది ముప్పావు అంగుళం పైపు. కేబుల్ దూరుతుంది కానీ దాని తలకాయ దూరదు. సరే, మెట్ల పక్కనుంచి వేలాడదీసి చూస్తే టీవీలో బొమ్మే లేదు. మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్ 10, 15 మీటర్లు దాటితే నమ్మకం లేదని అప్పుడు తెలిసింది. తర్వాత వైర్‌లెస్ సెట్టు ఒకటి తెచ్చాం. ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా పనిచేసింది. పెళ్లి రోజు ఆరువందల మంది వచ్చి మధ్యలో నిలబడేసరికి బొమ్మ ఇటుకలు ఇటుకలుగా పగిలింది. మనిషి ఒంట్లో సగానికి పైగా నీళ్లే కదా, ఆ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని తాగేస్తాడు. పైగా ఆలస్యం ఒకటి. గట్టిమేళం మెట్ల మీదుగా చెవికి ముందు వినిపిస్తుంది, టీవీలో పంతులుగారి చెయ్యి ఆ తర్వాత లేస్తుంది. జనం నవ్వారు.

అప్పుడు కొన్నది ఈ ఎక్స్‌టెండర్. 2,800 రూపాయలు పడింది. పేకముక్కల పెట్టె కంటే కాస్త పెద్దవి రెండు ఇనప డబ్బాలు, రెండు 5 వోల్టుల అడాప్టర్లు, రిమోట్ సిగ్నల్ కోసం రెండు సన్నని వైర్లు, ఒక కాగితం. ఒక డబ్బా మిక్సర్ దగ్గర, రెండోది టీవీ వెనక. మధ్యలో నడిచేది ఇంటర్నెట్‌కి వాడే క్యాట్6 వైరే. హెచ్‌డీఎంఐలో 19 పిన్నులుంటాయి. ఈ డబ్బాలు వాటి పనంతా ఎనిమిది తీగల మీద సర్దేస్తాయి. 1080పీ, అంటే ఫుల్ హెచ్‌డీ బొమ్మ 60 మీటర్ల దాకా వెళ్తుందని అట్ట మీద ఉంది. మన వీడియో వాళ్లు నోటితో అంతకంటే స్పష్టమైన 4కే అంటారు గానీ మా హాలుకి వచ్చిన మిక్సర్లన్నీ బయటికి ఇచ్చేది 1080నే, కాబట్టి మాకు చాలు. నిజంగా 4కే కావాలంటే ఇది తీసుకోకండి. హెచ్‌డీబేస్‌టీ అనే రకం ఉంది, వాటిలో కొన్ని 100 మీటర్ల దాకా లాగుతాయి, చాలావాటిలో ఒకే అడాప్టర్‌తో రెండు డబ్బాలకీ కరెంటు కూడా అదే వైరులో పోతుంది. కాకపోతే ధర చూసి నేను వెనక్కి తగ్గాను.

ఇక బిగించిన రోజు. మా కరెంటు పనులు చూసే తమ్ముడు చెయ్యి తిరిగినవాడు. వైరు పైపులోంచి పావుగంటలో లాగేశాడు. రెండు చివర్లా ప్లగ్గులు కొట్టాడు, టెస్టర్ పెట్టాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలిగాయి. "అయిపోయిందన్నా" అన్నాడు. టీవీ పెడితే బొమ్మ వచ్చింది, మూడు సెకన్లుండి పోయింది. మళ్లీ వచ్చింది, ఈసారి తెరంతా ముగ్గుపిండి చల్లినట్టు చుక్కలు. మళ్లీ పోయింది. అడాప్టర్లు మార్చాం. టీవీ పోర్టు మార్చాం. డబ్బా ఫాల్ట్ అని తిట్టుకుని వెనక్కి పంపడానికి అట్టపెట్టె కూడా తెచ్చుకున్నాను. పంపేముందు రూటర్‌తో వచ్చిన చిన్న రెడీమేడ్ వైరుతో రెండు డబ్బాలనీ బల్ల మీదే కలిపి చూశాను. అద్దంలా బొమ్మ. అంటే తప్పు డబ్బాది కాదు, మా వైరుది.

ఆ రెడీమేడ్ వైరు ప్లగ్గుని, మేం కొట్టిన ప్లగ్గుని పక్కపక్కన పెట్టి ట్యూబ్‌లైటు కింద చూశాం. మావాడు కంటికి ఇంపుగా జతలు జతలుగా పేర్చాడు: ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత. రెండో చివరా అచ్చం అంతే. రెడీమేడ్ దాంట్లో అలా లేదు. తెలుపు ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు గ్రీన్, బ్లూ, తెలుపు బ్లూ, గ్రీన్, తెలుపు బ్రౌన్, బ్రౌన్. చూశారా, గ్రీన్ జత విడిపోయి మూడులో ఒకటి, ఆరులో ఒకటి కూర్చుంది. వాటి మధ్యలో బ్లూ జత. చూడ్డానికి పిచ్చిగా ఉంటుంది కానీ డబ్బా లోపల మూడూ ఆరూ ఒక జత, నాలుగూ ఐదూ ఒక జత. సిగ్నల్ వెళ్లేది ఒకదానితో ఒకటి మెలిపడ్డ రెండు తీగల మీద. ఆ మెలికే బయటి గోలను, పక్క జత గోలను ఆపేది. మావాడు పేర్చినట్టయితే మూడులో తెలుపు గ్రీన్, ఆరులో బ్లూ. 40 మీటర్లూ వేరువేరు మెలికల్లో నడిచే తీగలకి జత కట్టినట్టు. టెస్టర్ ఏం చూస్తుంది? ఈ చివర ఒకటి ఆ చివర ఒకటికి తగిలిందా లేదా, అంతే. ఏ తీగ ఏ తీగతో మెలిపడిందో దానికి తెలీదు. ఇదే వరసతో ఇంట్లో ఇంటర్నెట్ కుంటుకుంటూ అయినా నడిచేది, అందుకే ఇన్నేళ్లలో మావాడికి అనుమానం రాలేదు. వీడియో మాత్రం క్షమించదు.

రెండు చివర్లా కోసి మళ్లీ కొట్టాం. మెలికని ప్లగ్గు అంచు దాకా ఉంచి, అవసరమైనంత మేరకే విప్పాం. బొమ్మ వచ్చింది, నిలబడింది. నేను టీ తాగొచ్చినా అలాగే ఉంది.

డబ్బాతో వచ్చిన ఆ ఒక్క కాగితంలో ఈ రంగుల వరస లేదు. "స్టాండర్డ్ క్యాట్6 వాడండి" అని ఒక ముక్క రాసి వదిలేశారు. ఎనిమిది గీతల బొమ్మ ఒకటి వేసి ఉంటే మాకు రోజంతా మిగిలేది. స్టార్ పోయింది అక్కడే.

వైరు గురించి ఒక్క మాట. కొట్లో మొదట చూపించిన చుట్ట బాగా చవక, చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంది. తీగని చాకుతో గీకితే లోపల వెండి రంగు. అల్యూమినియం మీద రాగి పూత అన్నమాట. రెండుసార్లు వంచితే పుటుక్కున విరిగింది. ఎంత గీకినా ఎర్రగానే ఉండే రాగి వైరు తీసుకున్నాను, మీటరుకి కొంచెం ఎక్కువైనా. మధ్యలో ఎక్కడా జాయింటు వేయలేదు. లైట్ల వైర్లున్న పైపులోంచి కాకుండా పాత టెలిఫోన్ పైపులోంచి లాగించాను.

మొదటి రెండు పెళ్లిళ్లూ బాగా గడిచాయి. మూడో పెళ్లిలో నా పరువు పోయింది. సరిగ్గా జీలకర్ర బెల్లానికి ముందు కరెంటు పోయింది. మాది చేత్తో మార్చే చేంజోవర్, జనరేటర్ కుర్రాడు ఎంత పరిగెత్తినా అర నిమిషం. పైన వీడియో వాళ్ల మిక్సర్ వాళ్ల యూపీఎస్ మీద నిక్షేపంగా నడుస్తోంది. ఆగింది మా డబ్బాలు, మా టీవీ. జనరేటర్ ఎక్కాక డబ్బాలు కొన్ని సెకన్లలో లేచాయి గానీ, టీవీ కంపెనీ బొమ్మ చూపించి, యాప్‌ల పేజీ చూపించి, "సోర్స్ ఎంచుకోండి" అని నింపాదిగా అడుగుతోంది. పైన గట్టిమేళం మోగిపోయింది. కింద పెళ్లికూతురి మేనమామగారు పులిహోర చేత్తోనే లేచి, "ఏంటండీ మేనేజరు గారూ, సరిగ్గా ఇప్పుడే పోవాలాండీ ఇది?" అన్నారు. ఏం చెప్తాను? తల వంచుకుని రిమోట్ నొక్కుతున్నాను.

మర్నాడే రెండు అడాప్టర్లకీ, టీవీకీ ఇన్వర్టర్ లైను ఇప్పించాను. ఇన్వర్టర్ వెనక చిన్న మీట ఉంటుంది, దాన్ని యూపీఎస్ వైపు తిప్పించాను. అలా ఉంటే కరెంటు మారే ఆ క్షణంలో డబ్బాలు కళ్లు మూసి తెరవవు. టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి, ఆన్ అవగానే ఆఖరుసారి చూసిన పోర్టుకే వచ్చేలా పెట్టాను. ఆ తర్వాత కరెంటు పోయిన ప్రతిసారీ నేను ముందు టీవీ వంకే చూశాను. ఇంతవరకూ కదల్లేదు.

మిగతావి చిన్న చిన్నవి. డబ్బాలు బాగానే వేడెక్కుతాయి, భయపడక్కర్లేదు కానీ గుడ్డ కప్పకండి. అడాప్టర్ పిన్ను కాస్త వదులు, నేను టేపు చుట్టాను. రిమోట్ వైర్లు ఏది ఎటో అని తికమక పడతారు. కన్నులా ఉండేది టీవీ దగ్గర, సిగ్నల్ కొట్టేది అవతల బొమ్మ పంపే పరికరం ముందు. మాకు మిక్సర్‌కి రిమోటే లేదు కాబట్టి సంచిలోనే ఉన్నాయి. పంపే డబ్బాలో ఇంకో హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది, దానికి చిన్న మానిటర్ తగిలించుకుంటే పైన కూడా అదే బొమ్మ. ఇది నాకు బాగా నచ్చింది. ఆలస్యం మాత్రం కంటికి అందలేదు. ఇప్పుడు మేళమూ పంతులుగారి చెయ్యీ కలిసే ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త. వైరు ఇంటర్నెట్‌దే కదా అని దీన్ని నెట్‌వర్క్ స్విచ్చిలోంచి (ఇంటర్నెట్ వైర్లని కలిపే పెట్టె) తిప్పకండి. ఈ రకం డబ్బా నుంచి డబ్బాకే పోవాలి. అందులోనూ సీసీ కెమెరాలకి కరెంటిచ్చే స్విచ్చిలో పొరపాటున గుచ్చితే డబ్బా కాలిపోయే ప్రమాదం ఉంది. మా వీడియో కుర్రాడొకడు గుచ్చబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. అందుకే రెండు చివర్లకీ ఎర్ర టేపు చుట్టి "పెళ్లి టీవీ, ముట్టవద్దు" అని రాసిపెట్టాను.

మొన్న మాఘంలో ఒక పెళ్లి. కింద బంతిలో ఒక బామ్మగారు సగం భోజనంలో ఉండగా టీవీలో జీలకర్ర బెల్లం పెట్టారు. ఆవిడ ఎడమచేత్తో కొంగుముడి విప్పి, దాచుకున్న అక్షింతలు కుడిచేత్తో తీయబోయి, ఎంగిలని గుర్తొచ్చి, పక్కనున్న మనవరాలి చేత టీవీ మీద వేయించింది. ఆ పిల్లని చూసి ఇంకో నలుగురు వేశారు. రాత్రి అందరూ వెళ్లాక డబ్బా చిల్లుల్లో ఇరుక్కున్న పసుపు బియ్యం గింజల్ని, కరెంటు తీసేసి, పిన్నీసుతో ఒక్కొక్కటీ బయటికి లాగాను. ఇప్పుడు డబ్బాని చిల్లులు కిందికి వచ్చేలా తిప్పి కట్టాను.