ఆలుగడ్డ బెట్ట పరీక్షకు సార్బిటాలా, పెగ్గా?

బెట్టను తట్టుకునే ఆలుగడ్డ రకాన్ని జహీరాబాద్ పొలం దాకా వెళ్లకుండా టిష్యూ కల్చర్ సీసాలోనే వడపోయొచ్చా అంటే, కొంతవరకు వడపోయొచ్చు. ఆ వెంటనే హైదరాబాద్ ల్యాబుల్లో వచ్చే ప్రశ్న: సీసాలో బెట్ట పుట్టించడానికి మీడియంలో (మొక్క పెరిగే పోషక పదార్థంలో) ఏం కలపాలి, సార్బిటాలా (ఒక చక్కెర ఆల్కహాల్), పెగ్ 6000నా (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్)?

సూత్రం ప్రకారం పెగ్‌దే పైచేయి. దాని అణువు పెద్దది కాబట్టి కణం గోడ దాటి లోపలికి పోదు. ఎండుతున్న నేలలాగే బయట ఉండి నీటిని పట్టి ఉంచుతుంది. సార్బిటాల్ అణువు చిన్నది. రోజులు గడిచేకొద్దీ వేరు దాన్ని కొంత పీల్చుకుంటుంది, అప్పుడు మొక్క తట్టుకున్నట్టు కనబడుతుంది. ఈ లోపం నిజమే. అయినా పదిహేను, ఇరవై రకాలను వడపోయాలంటే సార్బిటాలే మేలని నా అభిప్రాయం.

ఎందుకంటే, అనుకున్న ఒత్తిడే ప్రతి సీసాలో వేరుకు తగలాలి. సార్బిటాల్ లెక్క సూటిగా ఉంటుంది. లీటరుకు 18.2 గ్రాములు వేస్తే 0.1 మోలార్, 25 డిగ్రీల దగ్గర సుమారు −0.25 మెగాపాస్కల్ (మైనస్ అంకె ఎంత పెద్దదైతే వేరుకు నీరు లాగడం అంత కష్టం). 36.4 గ్రాములకు −0.5. పెగ్ అలా కాదు. మైకెల్, కాఫ్‌మన్ అనే శాస్త్రవేత్తలు 1973లో ఇచ్చిన సమీకరణంలో వేసి చూడండి: కిలో నీటికి 100 గ్రాములకు −0.15 మాత్రమే, 200కు −0.49. పెగ్ రెట్టింపైతే ఒత్తిడి మూడు రెట్లు దాటుతుంది. పైగా 30 డిగ్రీలకు చేరితే అదే 200 గ్రాముల ద్రావణం −0.45కు సడలుతుంది. మే నెలలో కరెంటు పోయి కల్చర్ రూమ్ ఏసీ ఆగితే మొక్కతోపాటు మీడియమూ మారిపోతుందన్నమాట.

అసలు చిక్కు మీడియాన్ని జెల్లీలా గట్టిపరిచే అగార్‌తో. పెగ్ ఎక్కువైతే అది గట్టిపడదు. అందుకే ముందు మామూలు ఎంఎస్ (మురాషిగే-స్కూగ్ పోషక మీడియం) అగార్ పోసి, గట్టిపడ్డాక పైన పెగ్ ద్రావణం నింపి, ఒక రోజు ఉంచి వంపేస్తారు. ఆ రోజులో పెగ్ కిందికి దిగుతుంది, నీళ్లు పైకొస్తాయి. చివరికి అగార్‌లో మిగిలేది మీరు తూచిన గాఢత కాదు. అగార్ పొర మందాన్ని బట్టి సీసాకో తీరు. ద్రవ మీడియంలో వడపోత కాగితం మీద పెంచితే ఈ బాధ తప్పుతుంది కానీ, చిక్కటి ద్రావణంలో ఆక్సిజన్ సరిగా అందదు. వేరు ఆగింది నీరందకనా, గాలాడకనా అన్నది తేలదు.

సార్బిటాల్‌తో చేసేవాళ్లకు: 0, 0.1, 0.2, 0.3 మోలార్ చాలు. 800 మిల్లీలీటర్లలో కరిగించి, పీహెచ్ 5.8కి తెచ్చి, ఆ తర్వాతే లీటరుకు నింపండి. నిండు లీటరులో సార్బిటాల్ పోస్తే పరిమాణం పెరిగి లెక్క తప్పుతుంది. అగార్ 8 గ్రాములు, చక్కెర అన్నిటికీ 3 శాతమే. ఈ చక్కెర, లవణాలతో ఎంఎస్ ఒక్కటే సుమారు −0.45 ఉంటుంది, సార్బిటాల్ ఒత్తిడి దానిపై అదనం. హార్మోన్లు వద్దు. మూడు, నాలుగు వారాల మొక్కల నడిమి కణుపులే, ఒక్కో ఆకుతో, సెంటీమీటరు పొడవున కోయండి. కొన కణుపు, మొదలు కణుపు కలిపితే తేడా రకానిదా, కణుపుదా తెలియదు. 21వ రోజున ఆపేయాలి, ఆరు వారాలు లాగితే పైన చెప్పిన పీల్పు మొదటికే మోసం తెస్తుంది. వేర్ల సంఖ్య, పొడవైన వేరు, ఎండు బరువు తీసి, ప్రతి రకాన్నీ దాని సొంత కంట్రోల్‌తోనే (సార్బిటాల్ లేని సీసాతోనే) పోల్చండి. సహజంగా పొట్టిగా పెరిగే రకాన్ని పొడుగు రకం పక్కన పెడితే అన్యాయం. 0.3లో కణుపు పచ్చగానే ఉండి పెరక్కపోతే చచ్చిందని రాసేయొద్దు. మామూలు ఎంఎస్‌కు మార్చి రెండు వారాలు చూడండి.

మ్యానిటాల్‌ది సార్బిటాల్ దారే, లెక్కా అదే. ఉప్పు వేస్తే సోడియం విషం కూడా కలుస్తుంది, అది వేరే పరీక్ష. ఇక చక్కెర పెంచడం ఆలుగడ్డలో అసలు పనికిరాదు, 8 శాతానికి సీసాలోనే చిట్టిదుంపలు కడతాయి.

పెగ్‌ను పూర్తిగా పక్కన పెట్టమని కాదు. సార్బిటాల్‌లో పైన నిలిచిన మూడు, అడుగున పడ్డ రెండు రకాలను పెగ్ మీద మళ్లీ చూడండి. వరుస అదే వస్తే కుండీలకు వెళ్లండి. మూసిన సీసాలో తేమ నిండుగా ఉంటుంది, ఆకు నీరు కోల్పోవడం దాదాపు ఉండదు. ఆకు రంధ్రాలు మూసుకుని బెట్టను దాటే రకం ఈ రెండు పరీక్షల్లోనూ వెనకబడొచ్చు. అలాంటివి ఒకటి రెండు వరుసలో కిందున్నా కుండీలకు తీసుకెళ్లండి.